చింతపండు ప్యాకెట్ మీద ఊరి పేరేదీ?

వైన్ గురించి ఆర్టికల్ రాస్తానంటే మా ఎడిటర్ అక్క ముందు అడిగిన ప్రశ్న, "నీకెన్నేళ్ళు?" పంతొమ్మిది. మన రాష్ట్రంలో మందు కొనాలంటే 21 నిండాలి. కాబట్టి మొదటే చెప్పేస్తున్నా, నేను వైన్ రుచి చూడలేదు, మిమ్మల్ని చూడమనీ అనడం లేదు. వైన్ వాళ్ళకున్న ఒక అలవాటు మాత్రం నాకు తెగ నచ్చింది. ఆ అలవాటు మన చింతపండుకి లేకపోవడం వల్ల మన ఊళ్ళు నష్టపోతున్నాయని నా వాదన.

ఒకే రకం ద్రాక్షతో రెండు మూడు ప్రాంతాల్లో చేసిన వైన్లు తెచ్చి, పక్కపక్కన గ్లాసుల్లో పోసి, తేడా ఎక్కడుందో వెతుకుతారు. అదీ ఆ అలవాటు. ద్రాక్ష మారదు, ఊరు మారుతుంది. మన క్లాస్ భాషలో చెప్పాలంటే ఒక్క వేరియబుల్ తప్ప మిగతావన్నీ కాన్‌స్టంట్. ఉదాహరణకి సిరా అని ఒక నల్లద్రాక్ష ఉంది. ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ దాని సొంతగడ్డ. ఆస్ట్రేలియా వెళ్ళాక పేరు మార్చుకుని షిరాజ్ అయింది. (పేరు చూసి ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని చాలాకాలం కథలు చెప్పుకున్నారు. 1998లో డీఎన్ఏ పరీక్ష చేస్తే అమ్మానాన్నలిద్దరూ ఫ్రెంచి ద్రాక్షలే అని తేలింది.) ఈ ద్రాక్ష చల్లటి చోట పండితే వైన్‌లో మిరియాల ఘాటు వస్తుందట. ఎండ బాగా కాసే చోట పండితే జామ్ లాగా ఉంటుందట. వింటే ఎవరికైనా డబ్బున్నోళ్ళ బిల్డప్ అనిపిస్తుంది. కానీ 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ ఘాటుకి కారణమైన పదార్థాన్ని పట్టుకున్నారు. దాని పేరు రోటండోన్. మన చారులో వేసే మిరియాల్లో ఉండేదీ అదే. అంటే నాలుక అబద్ధం చెప్పలేదన్నమాట.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్స్ గొడవ అనుకోకండి. హిందూపురం నుంచి బెంగళూరు వైపు వెళ్తే నంది కొండలు పెద్ద దూరం కాదు. ఆ పక్కన దొడ్డబళ్ళాపురం దగ్గర గ్రోవర్ వాళ్ళు 1988 నుంచి వైన్ ద్రాక్ష పండిస్తున్నారు. అటు మహారాష్ట్రలో నాసిక్ ఉంది. రెండు చోట్లా షిరాజ్ పండుతుంది. ఇంకో తమాషా, మన దేశంలో వైన్ ద్రాక్ష కోసేది జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా మన చింతకాయలు దులిపే రోజులు.

ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏం జరుగుతుందో 1976లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది మే 24న ప్యారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. కాబెర్నే సావిన్యాన్, షార్డనే ద్రాక్షల వైన్లు, కొన్ని ఫ్రాన్స్‌వి, కొన్ని కాలిఫోర్నియావి. తీర్పు చెప్పేవాళ్ళు తొమ్మిదిమంది, అందరూ ఫ్రెంచి వాళ్ళే. సీసాల పేర్లు కనబడకుండా దాచేశారు. ఫలితం వచ్చేసరికి రెండింటిలోనూ కాలిఫోర్నియా వైనే ఫస్ట్. అంతవరకూ అమెరికా వైన్‌ని లెక్కలోకి తీసుకోనివాళ్ళు ఆ తర్వాత తీసుకోక తప్పలేదు. లేబుల్ దాచి రుచి చూడటం వల్ల నాపా అనే ఒక లోయ బతుకే మారిపోయింది.

ఇక మన సంగతి. హిందూపురం చింతపండు మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. సీజన్లో పేపర్ తీస్తే రేట్లు ఉంటాయి: కరిపులి క్వింటాలు ఇంత, ఫ్లవర్ ఇంత. కరిపులికి ఎక్కువ, ఫ్లవర్‌కి తక్కువ. ఈ రెండు పేర్లలో ఎక్కడైనా ఊరుందా? సరుకు ఏ పల్లె నుంచి వచ్చింది, ఏ తోపుది, పోయినేడాదిదా ఈ ఏడాదిదా, గోనెసంచి విప్పాక ఏదీ మిగలదు. రంగు చూస్తారు, గింజ ఉందా లేదా చూస్తారు, ఈనెలు తీశారా చూస్తారు, తేమ ఎంతుందో చేత్తో నొక్కి చూస్తారు. అన్నీ చూస్తారు గానీ రుచి? తర్వాత అన్నీ కలిసిపోయి సూపర్‌మార్కెట్లో అరకిలో ప్యాకెట్ అవుతుంది. ప్యాకెట్ మీద కంపెనీ పేరు, బార్‌కోడ్, ఎక్స్‌పైరీ డేట్. ఊరు మాత్రం లేదు.

అదే రైలెక్కి పెనుకొండ దాటి ధర్మవరంలో దిగండి. అక్కడి పట్టుచీరకి ఊరే ఇంటిపేరు. జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇంకోచోట నేసిన చీరని ధర్మవరం చీర అని అమ్మితే చట్టం అడ్డుపడుతుంది. బనగానపల్లె మామిడికి 2017లో జీఐ వచ్చింది, గుంటూరు సన్నం మిరపకి ఉంది, పక్క రాష్ట్రంలో బెంగళూరు బ్లూ ద్రాక్షకి కూడా ఉంది. మన పులుసుకి ప్రాణమైన చింతపండు మాత్రం ఊరూ పేరూ లేకుండా తిరుగుతోంది. దాని అసలు పేరు విన్నా నవ్వొస్తుంది. టామరిండ్ అనే మాట అరబీ 'తమర్ హిందీ' నుంచి వచ్చింది, అంటే హిందూదేశపు ఖర్జూరం. చెట్టేమో పుట్టింది ఆఫ్రికాలో. ప్రపంచం దాని పేరులోనే మన దేశాన్ని పెట్టింది, మనం ప్యాకెట్ మీద మన ఊరిని పెట్టుకోలేకపోయాం.

"చింతపండుకీ వైన్‌కీ పోలికేంటి?" అని మా రూమ్మేట్ అడిగాడు. పోలిక ఉంది, అది కెమిస్ట్రీలో ఉంది. పండ్లలో మామూలుగా సిట్రిక్ ఆమ్లమో మాలిక్ ఆమ్లమో ఉంటుంది. టార్టారిక్ ఆమ్లం ఇంత ఎక్కువగా ఉండే పండ్లు చాలా తక్కువ. వాటిలో మనకు బాగా తెలిసినవి రెండు, ద్రాక్ష, చింత. ఇత్తడి చెంబుని తళతళలాడించేదీ, వైన్ నోట్లో పడగానే నీళ్ళూరించేదీ ఒకటే ఆమ్లం. ద్రాక్షలో దీంతోపాటు మాలిక్ కూడా ఉంటుంది. రాత్రుళ్ళు వేడిగా ఉండే ప్రాంతంలో ఆ మాలిక్ కరిగిపోతుంది, చల్లని ప్రాంతంలో మిగులుతుంది. ఒకే ద్రాక్ష ఊరిని బట్టి పులుపు మార్చుకోవడానికి ఇదొక పెద్ద కారణం. టార్టారిక్ మాత్రం మొండిది, ఎండకి లొంగదు. చింతకాయ పండి లోపల చక్కెర బాగా పెరిగినా ఈ ఆమ్లం అలాగే ఉండిపోతుంది. అందుకే మన చింతపండు ఒకేసారి తియ్యగానూ పుల్లగానూ ఉంటుంది. కాబట్టి రెండు ఊళ్ళ చింతపండు మధ్య తేడా వెతకాలంటే పులుపొక్కటే చూస్తే చాలదు. తీపి ఎంత, వగరు ఎంత, గుజ్జు ఎంత, ఇవన్నీ చూడాలి.

మేం హాస్టల్లో ఒకసారి చూశాం. హిందూపురం మా ఇంటి నుంచి తెచ్చింది ఒకటి, రూమ్మేట్ వాళ్ళ పెనుకొండది ఒకటి, ధర్మవరంలో మా అవ్వ ఇచ్చింది ఒకటి. మూడు ఊళ్ళూ ఒకటే రైలు దారిలో, ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనభై కిలోమీటర్లు అటూ ఇటూ. కానీ స్టేషన్లలో పచ్చబోర్డు కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది కదా, ఈసారి గమనించండి. హిందూపురంలో 600 దాటి ఉంటుంది, ధర్మవరం వచ్చేసరికి 400 కిందికి దిగిపోతుంది. వైన్ వాళ్ళకి ఇంత ఎత్తు తేడా దొరికితే రెండు వేర్వేరు ప్రాంతాలని రెండు పేర్లు పెట్టుకుంటారు. మేం తలా ఇరవై గ్రాములు తూచి, పావులీటరు వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, స్టీలు గ్లాసుల్లో పోశాం. ఉప్పూ కారం ఏమీ లేదు.

తాగడానికి నలుగురం. నలుగురితో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ ఒక విషయం అక్కడే బయటపడింది. అవ్వ ఇచ్చింది పాత చింతపండు, బాగా నల్లబడిపోయి ఉంది. గ్లాసుల్లోకి చూడగానే అందరం "ఇదే పుల్లగా ఉంటుంది" అనేశాం. కళ్ళు మూసుకుని తాగితే మాత్రం ముగ్గురికి హిందూపురందే ఎక్కువ పుల్లగా తగిలింది. నల్లది కొంచెం తియ్యగా, బెల్లం మాడినట్టు ఉంది. పెనుకొండది మింగాక నాలుక మీద వగరు మిగిల్చింది. ఇందులో ఊరి పాత్ర ఎంతో, వయసు పాత్ర ఎంతో విడదీయలేం, ఎందుకంటే ఒకటి పాతది, రెండు కొత్తవి. వైన్ వాళ్ళు ఒకే సంవత్సరం సీసాలు తీసుకునేది ఇందుకే.

అప్పుడే ఇంకోటి గమనించా. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు 'సోర్' అని ఒకటే మాట ఉండేది. వైన్ వీడియోల్లో టానిన్, ఆస్ట్రింజెంట్ అని గంటలు గంటలు చెప్తుంటే అదేదో పెద్ద విద్య అనిపిస్తుంది. మా అవ్వ దాన్ని వగరు అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. పులుపు, కటిక పులుపు, తీపి పులుపు, నోరు జిల్లుమనడం, పళ్ళు పులవడం, ఇవన్నీ ఆమె దగ్గర విడివిడిగా ఉన్నాయి. పళ్ళు పులిశాయి అని చెప్పడానికి వైన్ వాళ్ళ దగ్గర ఇంత చిన్న మాట ఉందేమో నాకైతే కనబడలేదు. అంటే రుచి చూసి చెప్పే భాష మనకి రెడీగా ఉంది, వాడే చోటే లేదు.

కన్ను నాలుకని మోసం చేస్తుందనడానికి మా హాస్టల్ కన్నా గట్టి సాక్ష్యం ఉంది. ఫ్రాన్స్‌లో బోర్డో యూనివర్సిటీలో వైన్ చదువుకునే 54 మంది స్టూడెంట్లకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. వాళ్ళు దాన్ని వర్ణించడానికి ఎర్ర వైన్‌కి వాడే మాటలు వాడారు. చదువుకున్నవాళ్ళే, అదే సబ్జెక్టు వాళ్ళే. అలాంటప్పుడు రంగు చూసి క్వింటాలుకి రేటు కట్టే పద్ధతి రుచికి న్యాయం చేస్తుందని ఎలా నమ్మాలి? మంచి రంగుకి మంచి రేటు, నల్లబడితే రేటు పడిపోతుంది. అందుకే కోల్డ్ స్టోరేజీలు. కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టగలిగేవాడు ఆగి అమ్ముకుంటాడు, కట్టలేనివాడు సీజన్లోనే వచ్చిన రేటుకి ఇచ్చేస్తాడు. గుడి వెనక చెట్టుని పంచాయతీ వేలంలో పాడుకుని, కొమ్మెక్కి దులిపి, ఇంటిల్లిపాదీ కూర్చుని పెంకు కొట్టి గింజ తీసినవాళ్ళకి, తమ చెట్టు పండు పక్క చెట్టు కన్నా బాగుంటుందన్న సంగతికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. నా వాదనకి ఇదే అసలైన చిక్కు కాబట్టి దాటేయకుండా చెప్తాను. ద్రాక్షని గింజ వేసి పెంచరు, కొమ్మ నాటి పెంచుతారు. అంటే ఫ్రాన్స్‌లో ఉన్న సిరా తీగా, నాసిక్‌లో ఉన్న షిరాజ్ తీగా ఒకే మొక్కకి కాపీలు. మన బ్రాంచి వాళ్ళకి ఇంకా తేలిక, గిట్ క్లోన్ కొట్టినట్టే. కోడ్ ఒకటే, మెషీన్ వేరు, కాబట్టి తేడా వస్తే మెషీన్‌దే అని చెప్పొచ్చు. చింత అలా కాదు. మన రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద ఉన్నవి దాదాపు అన్నీ గింజ నుంచి మొలిచినవే. ప్రపంచంలో చింత జాతి ఒక్కటే, కానీ ప్రతి చెట్టూ వేరే కోడ్. థాయ్‌లాండ్‌లో ఫెచ్చబున్ వైపు పండే తీపి చింతని చిరుతిండిలా ఒలుచుకుని తింటారు. అదీ ఈ జాతే. కాబట్టి హిందూపురం పండుకీ ధర్మవరం పండుకీ తేడా కనబడితే అది ఎర్రమట్టి వల్లా, ఎత్తు వల్లా, లేక ఆ చెట్టు పుట్టుకే అంతా? చెప్పలేం.

నిజమే. కానీ ఈ అభ్యంతరం నా వాదనని కూల్చదు, ఇంకా చిన్న చోటికి తీసుకెళ్తుంది. ఊరి పేరు కూడా చాలదు, చెట్టు పేరు కావాలి. ఇది పల్లెల్లో కొత్త సంగతేం కాదు. "బావి దగ్గర చెట్టుది తొక్కుకి బాగుంటుంది, కట్ట మీద చెట్టుది చారుకి" అని మా అవ్వ లాంటి వాళ్ళు చెప్తూనే ఉంటారు. సైన్సు కూడా అలాంటి చెట్ల దగ్గరికే వెళ్ళింది. తమిళనాడులో ఊరిగం అనే ఊరి పేరుతోనే ఒక చింత రకం ఉంది. పెరియకుళం నుంచి పీకేఎం-1 వచ్చింది. మన అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం నుంచి 'అనంత రుధిర' అనే ఎర్ర చింత వచ్చింది. ఆ ఎరుపు ఆంథోసయనిన్ల వల్ల వచ్చేది, ఎర్ర వైన్‌కి రంగునిచ్చేవీ అవే. ఇలాంటి అంటుమొక్కల్ని హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో నాటి, ఒకే ఏడాది కాపు తీసి పక్కపక్కన పెడితే, అప్పుడు అచ్చం వైన్ వాళ్ళ పోలికే అవుతుంది. గింజ చెట్టులా ఏళ్ళకేళ్ళు ఆగక్కర్లేదు, అంటు తొందరగా కాపుకొస్తుంది. మన డిగ్రీ అయిపోయే లోపు కాకపోయినా మన జూనియర్లు రుచి చూస్తారు.

ఈలోగా పాత చెట్లు పోతున్నాయి. రోడ్డు వెడల్పు చేసిన చోటల్లా మొదట పడేవి చింతలే. ఒక్కో చెట్టుతో పాటు ఎవరూ కాపీ తీసిపెట్టని కోడ్ ఒకటి పోతుంది, బ్యాకప్ లేదు. ఏ చెట్టు మంచిదో రాసిపెట్టుకునే అలవాటే ఉంటే, కొట్టేసే ముందు కనీసం ఒక కొమ్మ తీసి అంటు కట్టుకునేవాళ్ళు.

వ్యాపారుల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, అదీ న్యాయమైనదే. ఇంట్లో వంట చేసేవాళ్ళకి ప్రతిసారీ ఒకే పులుపు కావాలి, ఈ నెల ప్యాకెట్‌కి ఒక నిమ్మకాయంత వేసి వచ్చే నెల ప్యాకెట్‌కి రెండు నిమ్మకాయలంత వేయలేరు, అందుకే కలుపుతాం అంటారు. షాంపేన్ వాళ్ళు కూడా చాలావరకు వేర్వేరు సంవత్సరాల వైన్లు కలిపే అమ్ముతారు. కలపండి, తప్పేం లేదు. కలిపింది కలిపినట్టుగా అమ్మండి, కలపనిది ఊరి పేరుతో, కాపు సంవత్సరంతో కొంచెం పక్కన పెట్టి అమ్మండి. చింతచెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గిస్తుంది కాబట్టి సంవత్సరం రాయడానికి కూడా ఒక అర్థం ఉంది. జీఐ రావాలంటే ఏళ్ళు పడుతుంది, దరఖాస్తులూ సంఘాలూ కావాలి. ప్యాకెట్ మీద రెండు మాటలు ముద్రించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"సరే, రాస్తే ఎవరికి తేడా తెలుస్తుంది?" అంటారు కదా. అది కనుక్కోవడం చాలా తేలిక. మూడు గ్లాసులు పెట్టండి, రెండింటిలో ఒక ఊరిది, ఒకదానిలో ఇంకో ఊరిది. కళ్ళకి గంతలు. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది. పన్నెండు మందితో చేయిస్తే అందులో ఎనిమిది మందో ఆపైనో సరిగ్గా చెప్పాలి, గుడ్డి అదృష్టంతో అలా జరిగే అవకాశం 2 శాతం కన్నా తక్కువ. ఏడుగురే చెప్తే ఒప్పుకోవద్దు, అది ఊరికే కూడా వందలో ఆరేడుసార్లు జరుగుతుంది. పైథాన్‌లో రెండు లైన్లు రాస్తే ఈ లెక్క మీకే వస్తుంది. తేడా తెలియకపోతే నా వాదన అక్కడికక్కడే ఓడిపోతుంది, అదీ ఇక్కడే రాస్తాను.

మన క్లబ్బులో రాయలసీమ వాళ్ళమే చాలామందిమి ఉన్నాం. సంక్రాంతి సెలవులకి కాయ ఇంకా సరిగ్గా పండదు, శివరాత్రికి ఊరెళ్ళినప్పుడు తెండి. ఒక్కో చెట్టుది విడిగా, కలపకుండా, పావుకిలో చాలు. ఉప్పు వేసి ముద్ద చేయొద్దని ఇంట్లో చెప్పండి, కొత్తదే కావాలి. కవర్ మీద మూడు సంగతులు రాయండి: ఏ ఊరు, ఏ చెట్టు, ఎప్పుడు దులిపారు. చెట్టుకి పేరు లేకపోతే అది ఎక్కడుందో రాయండి. గ్లాసులు నేను తెస్తాను, మెస్‌లో వేడినీళ్ళు అడిగే బాధ్యత ఎడిటర్ అక్కది.